దయకు కొలమానం

పురానాపూల్ దాటి గోల్కొండ వైపు సాగే దారిలో కార్వాన్ ఉన్నది. బిడారు అనే అర్థమిచ్చే పారసీక పదమే ఈ పేటకు పేరయింది. ఒకనాడు వర్తకుల బిడారులు మజిలీ చేసిన తావు ఇది. 1671లో నిర్మితమైన టోలీ మసీదు ఆనాటి వైభవానికి సాక్షిగా నేటికీ నిలిచి ఉన్నది.

సంక్రాంతి నాళ్ళలో ఈ పేటలోనూ, పొరుగున ఉన్న ధూల్‌పేట, మంగళ్‌హాట్‌లలోనూ మిద్దె మిద్దె మీద గాలిపటాలు ఎగురుతాయి. చూడముచ్చటైన వేడుకే! కాని నైలాన్ మాంజా వచ్చిన తరువాత అది పక్షుల పాలిట ప్రాణాంతకమైంది. నూలు దారం ఎండకూ వానకూ చివికిపోతుంది. నైలాన్ దారం కొమ్మలకూ కరెంటు తీగలకూ నెలల తరబడి చిక్కుకొని, పండుగ వెళ్ళిన పిదప కూడా గద్దల, పావురాల రెక్కలను కోస్తూనే ఉంటుంది. జీవకారుణ్య సంస్థలు దీనిపై ప్రచారం సాగించాయి. 2017 జూలై 11న జాతీయ హరిత ట్రిబ్యునల్ దేశమంతటా నైలాన్ మాంజాను నిషేధించింది.

మరి ఆ ప్రచారం ఫలించిందా? ఎన్ని కరపత్రాలు పంచారో, ఎన్ని పాఠశాలల్లో సభలు జరిపారో చెప్పడం సులభం. అవి శ్రమకు లెక్కలే కాని ఫలితానికి లెక్కలు కావు. దున్నిన చాళ్ళను లెక్కించి పంట ఇంత అని ఏ రైతూ చెప్పడు కదా!

పోనీ, కాపాడిన పక్షులను లెక్కిద్దామా? చిక్కంతా ఇక్కడే ఉన్నది. రక్షణ కేంద్రానికి ఒక ఏడు 40 పక్షులు, మరుసటి ఏడు 80 పక్షులు వచ్చాయనుకుందాం. మాంజా వాడకం పెరిగిందా? లేక ప్రచారం వల్ల మేల్కొన్న ప్రజలు, గాయపడిన పక్షి కనబడగానే ఫోను చేస్తున్నారా? ఒకే అంకె అపజయాన్నీ చెప్పగలదు, విజయాన్నీ చెప్పగలదు. ఇటువంటి అంకెలను వార్షిక నివేదికలలో చూసి సంతృప్తి చెందడం మనకు అలవాటు. దుకాణదారుల మాటా అంతే. నిషేధం తరువాత సరుకు అరల మీద కనిపించకపోతే అమ్మకం ఆగినట్లు కాదు. అది గల్లా కిందికి చేరి ఉండవచ్చు.

సరియైన కొలత ఏమి సాధించగలదో రాబందుల చరిత్ర తెలుపుతుంది. 1992 – 2007 మధ్య మన దేశంలో తెల్లవీపు రాబందులు 99 శాతానికి పైగా తగ్గిపోయాయి. పశువులకు వాడే డైక్లోఫెనాక్ అనే నొప్పి మందు ఇందుకు కారణమని 2004లో తేలింది. ఆ మందు మిగిలి ఉన్న కళేబరాన్ని తిన్న రాబందుల మూత్రపిండాలు చెడిపోయేవి. 2006లో ప్రభుత్వం పశువైద్యంలో దానిని నిషేధించింది. పరిశోధకులు అంతటితో ఊరుకోలేదు. అవే దారుల వెంట మళ్ళీ మళ్ళీ ప్రయాణించి రాబందులను లెక్కించారు; చనిపోయిన పశువుల కాలేయాలను పరీక్షించారు. మందు జాడ తగ్గింది గాని పోలేదు. మనుషుల కోసం తయారైన పెద్ద సీసాల మందును పశువులకు ఇస్తున్నారు! అందుకే 2015లో ఆ సీసా పరిమాణాన్ని 3 మిల్లీలీటర్లకు పరిమితం చేశారు. కొలత ఆగి ఉంటే ఈ దొంగదారి బయటపడేది కాదు.

మాంజా విషయంలోనూ ఈ పద్ధతి సాధ్యమే. కార్వాన్‌లో కొన్ని వీధులను, కొన్ని చెట్లను ఎంచుకొని, పండుగకు ముందొకసారి, తరువాత ఒకసారి దారాలను లెక్కించాలి. ఏటా అవే చెట్లు, అవే తేదీలు. ప్రచారం జరగని మరొక పేటతో పోల్చాలి. ఆ పేట దూరంగా ఉండాలి సుమా! తెగిన గాలిపటానికి వీధుల హద్దులు తెలియవు. ధూల్‌పేట దారం కార్వాన్ వేపచెట్టు మీద వాలుతుంది. దొరికిన ప్రతి పోగునూ నైలానా, నూలా అని వేరుచేసి వ్రాయాలి. గాజుపొడి పూస్తే నూలు కూడా రెక్కను కోస్తుంది. నైలాన్ తగ్గి గాజు పూసిన నూలు పెరిగితే, నిషేధం ఫలించినట్లే. పక్షి మాత్రం అలాగే నేల రాలుతుంది.

ప్రశ్నలు
1. కాపాడిన పక్షుల సంఖ్య ప్రచార ఫలితాన్ని ఎందుకు నిరూపించలేదు?
2. రాబందుల విషయంలో నిషేధం తరువాత కూడా కొలత ఎందుకు అవసరమైంది?
3. మీ వీధిలో మాంజా దారాలను లెక్కించడానికి ఒక పట్టిక తయారుచేయండి.