విశ్రాంతిదినమున పాలసీ మాట తగునా?

పాఠ్యభాగము: నెహెమ్యా 13:15-22; అపొస్తలుల కార్యములు 18:1-4; రోమా 14:5-13
ముఖ్యాంశము: పొరుగువాని విశ్రాంతి పొరుగువానిదే, అడుగకుండ దానిని తీసికొనరాదు.



మన సంఘములలో ఇన్సూరెన్సు ఏజెంట్లుగా పనిచేయు సహోదరులు, సహోదరీలు ఉన్నారు. రిటైరైనవారు, ఇంటిపట్టున ఉండు తల్లులు, చదువు ముగించి ఉద్యోగము దొరకని యౌవనస్థులు ఈ పని చేపట్టుట సహజము. దీనికి పెద్ద పెట్టుబడి అక్కరలేదు, తెలిసినవారు కావలెను. బెంగుళూరులోను, చెన్నైలోను, షోలాపూరులోను, బరంపురములోను స్థిరపడిన మనకు తెలిసినవారు ఎవరు? ముందుగా మన సంఘస్థులే. వారందరు ఒకచోట కలిసికొనునది ఎప్పుడు? ఆదివారమే. అందువలన ఒక ప్రశ్న పుట్టుచున్నది: శని, ఆదివారములలో పాలసీ కొరకు మనుష్యులను కలిసికొనుట, ఫోను చేయుట తగునా?

1. పని మంచిదే

మొదట ఈ పనిని చులకన చేయకుందము. సొంత ఊరిలోనైతే అన్నదమ్ములు, పొలము, ఇల్లు ఆదరువుగా ఉండును. పరాయి రాష్ట్రములో ఇంటి యజమాని అకస్మాత్తుగా గతించినయెడల భార్యాబిడ్డలకు అద్దె కట్టు దారియుండదు. అప్పుడు పాలసీ సొమ్ము వారిని నిలబెట్టును. పౌలు కొరింథులో అకుల, ప్రిస్కిల్లల యింట ఉండి వారితోకూడ డేరాలు కుట్టెను. ఆ దంపతులు కూడ క్లౌదియ చక్రవర్తి ఆజ్ఞవలన రోమా విడిచి వచ్చిన వలసవారే. చేతిపని వారికి సిగ్గు కాలేదు. అయితే వారమంతయు పనిచేసిన పౌలు విశ్రాంతిదినమున సమాజమందిరములో వాక్యము చెప్పుచుండెను. పనికొక స్థలము, ఆరాధనకొక స్థలము అతని జీవితములో ఉండెను.

2. ఒత్తిడి ఎక్కడనుండి వచ్చును?

1956 సెప్టెంబరు 1న ఎల్.ఐ.సి. ఏర్పడిన తరువాత చాలాకాలము జీవిత బీమా అంతయు దాని చేతిలోనే ఉండెను. 2000 సంవత్సరమునుండి ప్రైవేటు కంపెనీలు వచ్చినవి, పోటీ పెరిగినది. ఏజెంటుకు జీతము లేదు, కమీషను మాత్రమే. మొదటి సంవత్సరపు ప్రీమియముపై అది ఎక్కువగా ఉండును గనుక కొత్త పాలసీల వెంట పరుగెత్తవలసివచ్చును. మార్చి నెలలో ఈ పరుగు మరింత హెచ్చును. ఉద్యోగస్థులు వారమంతయు ఇంటిలో దొరకరు, శని, ఆదివారములలోనే దొరుకుదురు. గనుక ఏజెంటును తప్పుపట్టకముందు అతని ఇబ్బందిని గ్రహింపవలెను.

3. గోడ వెలుపల కాచుకొన్నవారు

నెహెమ్యా కాలములో విశ్రాంతిదినమున ధాన్యము, ద్రాక్షలు, అంజూరములు గాడిదలపై యెరూషలేమునకు వచ్చుచుండెను. తూరువారు చేపలు తెచ్చి అమ్ముచుండిరి. నెహెమ్యా ఏమి చేసెను? వర్తకమును నిషేధింపలేదు. విశ్రాంతిదినము ఆరంభమగుటకు ముందు చీకటిపడుచుండగా తలుపులు మూయించి, ఆ దినము గడచువరకు తీయవద్దనెను. వర్తకులు ఒకటి రెండుసార్లు గోడ వెలుపలనే రాత్రి గడిపిరి. వారిని అక్కడ కూడ నిలువనీయలేదు. ఎందుకు? తలుపు మూసియున్నను, అవతల సరకుతో ఒకడు కాచుకొనియున్నాడని తెలిసినయెడల లోపలివాని మనస్సు విశ్రమింపదు.

దీవెన ముగియగానే చర్చి గేటువద్ద బ్యాగుతో నిలుచుండుట అటువంటిదే. "అన్నా, ఒక్క నిమిషము" అను పిలుపు విన్నవెంటనే ప్రసంగము మరుగుపడి ప్రీమియము లెక్కలు ముందుకు వచ్చును. లూదియ ఊదారంగు అమ్మునది, తుయతైరనుండి ఫిలిప్పీకి వచ్చియుండెను. విశ్రాంతిదినమున నదియొద్ద ఆమె చెవియొగ్గి వినుచుండెనని వ్రాయబడినది.

4. దినమును గూర్చి తగవు వద్దు

అయినను దినమును ఒక కాడిగా చేయకూడదు. ఒకడు ఒక దినమును, మరియొకడు అన్ని దినములను సమానముగా ఎంచవచ్చునని, ఒకరికొకరు తీర్పు తీర్చరాదని పౌలు రోమావారికి నేర్పెను. మనలో నర్సులు, రైల్వేవారు, వాచ్‌మెన్లు ఆదివారము డ్యూటీకి వెళ్లుచున్నారు. కొన్ని పారిశ్రామికవాడలలో వారపు సెలవు వేరొక రోజున ఉండును. అట్టివానికి బుధవారమే విశ్రాంతి కావచ్చును. గనుక "ఈ రోజు ఏ వారము?" అని మాత్రమే కాక, "ఇది ఎవరి విశ్రాంతి? అతడు నన్ను రమ్మనెనా?" అని కూడ అడుగవలెను. నాలుగవ ఆజ్ఞ యజమానునికే గాక దాసునికిని, పరదేశికిని విశ్రాంతి యిచ్చుచున్నది.

5. సంఘములో "వద్దు" అనుట కష్టము

అసలు చిక్కు ఇక్కడనే ఉన్నది. బయటివాడు ఫోను చేసినయెడల పెట్టివేయగలము. డీకనుగారో, సండేస్కూలు టీచరమ్మో, మన బిడ్డ పెండ్లికి నిలబడిన అన్నయ్యో అడిగినప్పుడు కాదనలేము. మొహమాటముతో సంతకము చేయుదుము. రెండు మూడు వాయిదాలు కట్టి ఆపివేయుదుము. తొలి సంవత్సరములలో ఆగిన పాలసీలో కట్టినదానిలో చాలా భాగము పోవును. తరువాత ఏమగును? ఆ కుటుంబము ఏజెంటు ముఖము తప్పించుకొని వెనుక బెంచీలో కూర్చుండును, కొన్నాళ్లకు మానివేయును. పరాయిగడ్డమీద మనకున్న ఒక్క తెలుగు కూటము ఒక పాలసీవలన చీలవలెనా?

6. ఆచరణలో

ఏజెంట్లకు: చర్చి ఆవరణలోను, గృహకూడికలలోను, పరామర్శకు వెళ్లిన యింటను పాలసీ మాట ఎత్తవద్దు. వారము మధ్యలో ఒకసారి అడిగి, ఎదుటివారు చెప్పిన సమయముననే వెళ్లుడి. శనివారము సాయంత్రము చాలమందికి అనుకూలము. వారే ఆదివారము మధ్యాహ్నము రమ్మనినయెడల సంకోచము లేదు. ఒకసారి వద్దనినవారిని మరల అడుగవద్దు. అయితే మరణించినవారి క్లెయిము ఫారము నింపుటకు విధవరాలు పిలిచినప్పుడు ఏ దినమైనను వెళ్లుడి. విశ్రాంతిదినమున మేలు చేయుట తగునని ప్రభువు చూపెను.

సంఘస్థులకు: "వచ్చే వారము చూద్దాము" అని పదిసార్లు త్రిప్పుట కూడ ప్రేమ కాదు, అది అతని బస్సు చార్జీలను, ఆశను హరించుట. ఔనంటే ఔను, కాదంటే కాదు అని మెల్లగా చెప్పుడి. తొందరలో సంతకము చేసినవారు, 2024లో వచ్చిన నిబంధనల ప్రకారము, పాలసీ పత్రము అందిన 30 దినములలోగా దానిని తిరిగి యిచ్చివేయవచ్చును. కొద్ది ఖర్చులు మాత్రము మినహాయింతురు. తెలియని కంపెనీల ఫోన్లు వద్దనుకొనువారు 1909కు చెప్పి నమోదు చేసికొనవచ్చును.

పాస్టర్లకు, డీకన్లకు: పేర్లు పెట్టి ప్రసంగింపక, ఏజెంట్లను విడిగా పిలిచి ఈ మాటలు ప్రేమతో చెప్పుడి. వారి జీవనము కొరకు ప్రార్థింపుడి.

చర్చించుటకు ప్రశ్నలు

1. నెహెమ్యా వర్తకులను గోడ వెలుపల సహితము ఎందుకు నిలువనీయలేదు?
2. మన సంఘములో ఆదివారము సెలవు లేనివారెవరు? వారి విశ్రాంతిని మనము ఎట్లు కాపాడగలము?
3. అమ్మునది పాలసీయే కానక్కరలేదు: చీరెలు, చిట్టీలు, ప్లాట్లు. వీటిని గూర్చి ఆరాధన తరువాత మనము మాటలాడుచున్నామా?
4. సహోదరునికి బాధ కలుగకుండ "వద్దు" అని ఎట్లు చెప్పవచ్చును?

ఈ వారము చేయవలసినది: సంఘములోని ఒక ఏజెంటును ఇంటికి పిలిచి, పాలసీ మాట లేకుండ కలిసి భోజనము చేయుడి. ఆయనకు కూడ ఒక విశ్రాంతిదినము కావలెను గదా!