కాల్చిన పంది మాంసం కుక్కకు పెట్టవచ్చా?

ప్రశ్న: మాది గరిడేపల్లి. స్నేహితులం కారులో సూర్యలంక సముద్రతీరానికి వెళ్లి, గుడారం వేసుకుని, పంది మాంసం కాల్చుకుందామనుకుంటున్నాం. మా కుక్కను తీసుకెళ్లవచ్చా?

జవాబు: తీసుకెళ్లండి. అయితే ఇందులో అసలు ముప్పు దారిలో కన్నా విందులోనే ఎక్కువ. మిర్యాలగూడ, పిడుగురాళ్ల, నరసరావుపేట మీదుగా వెళ్తూ గంటన్నరకోసారి ఆగి నీళ్లు పట్టించండి. ఎండలో మూసిన కారులో పది నిమిషాలైనా వదలకండి. మనలా ఒళ్లంతా చెమట పట్టదు గనుక కుక్క రొప్పుతూనే వేడి దించుకోవాలి. ఇక పంది కొవ్వు సంగతి. అలవాటు లేని కొవ్వు ఒక్కసారిగా తింటే క్లోమం వాచి, ఆగని వాంతులతో ప్రాణం మీదికి రావచ్చు. మసాలాలోని ఉల్లి, వెల్లుల్లి ఎర్ర రక్తకణాలను దెబ్బతీస్తాయి. ఆ లక్షణాలు చాలాసార్లు కొన్ని రోజులకు గానీ బయటపడవు, అప్పటికి విందు ఎవరికీ గుర్తుకు రాదు.

‘ఊరకుక్కలు ఎముకలు కొరుక్కునే బతుకుతున్నాయి కదా’ అనవచ్చు. కాలిన ఎముక పెళుసుబారి సూదుల్లా చీలుతుంది. పేగుకు చిల్లుపడి చచ్చిన వీధికుక్కల లెక్క ఎవరూ రాయరు, మనకు కనిపించేవి బతికినవే. ‘మేం తింటుంటే అది జాలిగా చూస్తుంది’ అంటారా? ఉప్పుకారాలు లేకుండా అక్కడే కోడి మాంసం ఉడికించి, ఎముకలు తీసేసి, అన్నంలో కలిపి, మీరు తినడానికి ముందే పెట్టేయండి. సముద్రపు నీళ్లు తాగనివ్వకండి. తిన్నాక ఎముకలను ఇసుకలో పూడ్చవద్దు, వాసన పట్టి తవ్వుకుంటుంది. సంచిలో మూటకట్టి వెంట తెచ్చేయండి.