మేఘాల తెలుపును కొలవడం ఎలా?

వాన కోసం మబ్బు వైపు చూడటం మన నందవరం రైతుకు అలవాటే. అదే మబ్బు మరో పని కూడా చేస్తుంది. తన మీద పడిన ఎండలో కొంత భాగాన్ని తిరిగి ఆకాశంలోకి పంపేస్తుంది. పైనుంచి చూస్తే మేఘం తెల్లగా కనిపించేది అందుకే.

భూమికి సగటున చదరపు మీటరుకు 340 వాట్ల ఎండ అందుతుంది. అందులో దాదాపు 100 వాట్లు వెనక్కి పోతాయి. ఈ పనిలో పెద్ద పాలు మేఘాలదే. మేఘాలు తగ్గితే ఆ మేరకు భూమి మరింత వేడెక్కుతుంది.

దీన్ని కొలిచిన ఉపగ్రహం ఒకటి మన శ్రీహరికోట నుంచే వెళ్లింది. ఇస్రో, ఫ్రాన్స్ అంతరిక్ష సంస్థ కలిసి తయారుచేసిన మేఘా-ట్రోపిక్స్‌ను 2011 అక్టోబరు 12న ప్రయోగించారు. భూమధ్యరేఖకు అటూ ఇటూ 20 డిగ్రీల లోపు తిరిగింది కనుక మన ప్రాంతం మీదుగా కూడా వెళ్లేది. అందులోని స్కారబ్ పరికరం, భూమి నుంచి తిరిగి వెళ్లే వెలుగునూ వేడినీ కొలిచేది. 2023 మార్చి 7న ఆ ఉపగ్రహాన్ని పసిఫిక్ సముద్రంపై వాతావరణంలోకి దించి కాల్చేశారు.

అమెరికా వారి సెరెస్ పరికరాలు 2000 నుంచి కొలుస్తున్నాయి. ఆ 100 వాట్లలో ఒకటి రెండు తగ్గాయని అవి చూపాయి. తక్కువ ఎత్తులోని మేఘాలు తగ్గడం ఇందుకు ఒక ముఖ్య కారణం.

ఇంత చిన్న తేడా పరికరం పాతబడటం వల్ల వచ్చిందేమో! అందుకే పరికరంలోనే దీపం పెట్టి సరిచూస్తారు. పాతది పనిచేస్తుండగానే కొత్తదాన్ని పంపి, రెండింటి లెక్కలూ పోలుస్తారు. మధ్యలో ఖాళీ వస్తే ఇన్నేళ్ల లెక్కకు అతుకు కుదరదు.

మనమూ ఆకాశాన్ని ఎనిమిది భాగాలుగా ఊహించుకొని, ఎన్ని భాగాల్లో మబ్బు ఉందో రోజూ ఒకే వేళకు నోటుబుక్కులో రాద్దాం. మనం వెళ్లేనాటికి ఆ పుస్తకాన్ని తమ్ముళ్లకు అప్పగిద్దాం.