హార్డీ పల్లె స్మృతులు

ఉద్దేశం

పుట్టిన ఊరిపై మమకారం సహజం. ఆ మమకారం గతాన్ని భద్రపరచగలదు. ఒక్కొక్కప్పుడు గతంలోని కష్టాలను కప్పిపుచ్చనూ గలదు. ప్రసిద్ధ ఆంగ్ల నవలాకారుడు, కవి థామస్ హార్డీ తన పల్లెను స్మరించిన తీరును పరిశీలించి, పల్లె జ్ఞాపకాలు ఎలా నిలుస్తాయో, ఏ కారణాలవల్ల చెరిగిపోతాయో విద్యార్థులకు తెలియజేయడం ఈ పాఠం ఉద్దేశం.

పాఠ్యభాగం

1. పల్లె, పరిసరాలు

ఇంగ్లండుకు నైరుతి దిశలో, సముద్రతీరాన్ని ఆనుకొని ఉన్న ప్రాంతం డార్సెట్. దాని ముఖ్యపట్టణం డార్చెస్టర్. ఆ పట్టణానికి ఈశాన్యంగా సుమారు ఐదు కిలోమీటర్ల దూరంలో హయ్యర్ బాక్‌హాంప్టన్ అనే చిన్న పల్లె ఉంది. ఇటువంటి నివాసాన్ని ఆంగ్లంలో 'హామ్లెట్' అంటారు. సొంత చర్చి లేకుండా, పొరుగూరి చర్చి పరిధిలో ఉండే కొద్దిపాటి ఇళ్ళ గుంపు అని ఆ మాటకు సంప్రదాయార్థం. తెలుగునాట పెద్ద గ్రామానికి చేరిన శివారు పల్లె వంటిదని దీనిని పోల్చుకోవచ్చు. హయ్యర్ బాక్‌హాంప్టన్ వాసులకు చర్చి ఉన్న ఊరు స్టిన్స్‌ఫర్డ్. పెళ్ళికైనా, ప్రార్థనకైనా, చివరకు ఖననానికైనా వారు అక్కడికే వెళ్ళేవారు.

పల్లెలోని దారికి చెర్రీ చెట్ల పేరుమీద 'చెర్రీ ఆలీ' అనే పేరు వచ్చింది. ఆ దారి చివర అడవి అంచున ఒక పూరిల్లు ఉంది. మట్టిలో గడ్డి కలిపి తొక్కి పెట్టిన గోడలు, పైన గడ్డి కప్పు. 1800 ప్రాంతంలో హార్డీ ముత్తాత తన కొడుకు కోసం దానిని కట్టించాడు. ఇంటి వెనుక సేద్యానికి లొంగని విశాలమైన బీడు. ఆ బీడు మీదుగా రోమన్లు బ్రిటన్‌ను ఏలిన కాలంనాటి బాట. 'ద రిటర్న్ ఆఫ్ ద నేటివ్' (1878) నవలలో హార్డీ ఆ బీడుకే 'ఎగ్డన్' అని పేరుపెట్టి, దానిని ఒక పాత్రగా నిలబెట్టాడు.

హార్డీ 1840 జూన్ 2న ఆ ఇంట్లోనే జన్మించాడు. పుట్టిన శిశువులో చలనం కనిపించక, ప్రాణం లేదనుకొని పక్కన పెట్టారట. మంత్రసాని గమనించి, బిడ్డ బతికే ఉన్నాడని చెప్పిందట. తండ్రి తాపీపని చేయించే గృహనిర్మాత. తల్లి జెమీమా పెళ్ళికి ముందు పెద్దల ఇళ్ళలో పనిచేసిన స్త్రీ. నలుగురు సంతానంలో హార్డీ పెద్దవాడు.

బాలుడైన హార్డీ చదువుకోసం డార్చెస్టర్‌కు నడిచి వెళ్ళేవాడు. 1856లో అక్కడే ఒక వాస్తుశిల్పి వద్ద శిష్యుడిగా చేరాడు. 1847లోనే డార్చెస్టర్‌కు రైలు వచ్చింది. లండను పత్రికలు ఏరోజుకారోజు అందేవి. ఇంటికి తిరిగివస్తే గొర్రెల కాపరులు, దుక్కి దున్నేవారు, పాతకాలపు పాటలు, నమ్మకాలు. రోజూ గంటసేపు నడకలో ఆ యువకుడు ఒక కాలం నుంచి మరొక కాలానికి ప్రయాణం చేసేవాడు. కొత్తది రావడాన్నీ, పాతది పోవడాన్నీ ఒకేసారి చూడగల స్థానం అతనికి అలా లభించింది.

2. నాయనమ్మ చెప్పిన ముచ్చట్లు

ఆ ఇంట్లో హార్డీ నాయనమ్మ కూడా ఉండేది. ఆమె 1772లో పుట్టి 1857లో మరణించింది. చలికాలపు రాత్రులలో నెగడు ముందు కూర్చొని, మంటవైపే చూస్తూ, ఆమె తన కాలపు సంగతులు చెప్పేది. ఫ్రాన్స్ దేశపు రాణికి 1793లో మరణశిక్ష అమలైన వార్త తెలిసినప్పుడు ఆమె తన మంచి మస్లిన్ గౌనును ఇస్త్రీ చేసుకుంటున్నదట. వార్త వినగానే ఇస్త్రీపెట్టె దించి నిశ్చేష్టురాలై నిలబడిపోయిందట. ఆ గౌను మీది చిత్రకం తీరు ఆమెకు ముసలితనంలోనూ జ్ఞాపకమే. మహాచరిత్ర ఒక చిన్న పల్లెలోకి ఎలా ప్రవేశిస్తుందో చెప్పడానికి ఇంతకంటే చక్కని ఉదాహరణ అరుదు. నెపోలియన్ సేనలు సముద్రం దాటి తమ తీరం మీదికి వస్తాయని జనం భయపడిన రోజులనూ ఆమె వర్ణించేది. ఆమె స్మృతికే హార్డీ 1902లో 'వన్ వి న్యూ' అనే కవితను అంకితమిచ్చాడు.

లభించిన హార్డీ కవితలలో మొదటిది 'డొమిసీలియం'. ఇరవై ఏళ్ళు నిండకముందే, 1857-60 నడుమ రాసినది. అందులో మొదట తన ఇంటిని, చుట్టూ ఉన్న తీగలను, చెట్లను వర్ణించాడు. తరువాత, తాను చిన్నవాడుగా ఉన్నప్పుడు నాయనమ్మతో నడుస్తూ, ఆమె కాపురానికి వచ్చిన కొత్తలో ఆ చోటు ఎలా ఉండేదని అడుగుతాడు. అప్పుడు పొరుగిళ్ళు లేవు, తోటలు లేవు. పాములు, గబ్బిలాలు, బీడులో తిరిగే గుర్రాలు మాత్రమే తమకు తోడని ఆమె చెబుతుంది.

ఇక్కడ ఒక విశేషం గమనించాలి. తొలి కవితలోనే హార్డీ తన జ్ఞాపకం లోపల మరొకరి జ్ఞాపకాన్ని నిలిపాడు. ఊరి జ్ఞాపకం ఒక్కరి సొత్తు కాదు. ఒక తరం చెప్పగా మరొక తరం విని దాచుకొనే ఉమ్మడి ఆస్తి.

3. వినని సంగీతం

హార్డీ తాత స్టిన్స్‌ఫర్డ్ చర్చిలో సెల్లో వంటి పెద్ద తంత్రీవాద్యం వాయించేవాడు. తండ్రి, పినతండ్రి వయొలిన్ వాయించేవారు. వారు వృత్తి గాయకులు కారు. పగలంతా కాయకష్టం చేసి, సాయంకాలం సాధన చేసేవారు. చేతికి వచ్చే పైకం తీగలకు, కాగితాలకు చాలీచాలనంత. స్వరాలను తమ చేతులతోనే రాసుకొని, ఆ పుస్తకాలను ఇంట్లోనే కుట్టుకొనేవారు. పుస్తకానికి ఒకవైపు భక్తిగీతాలు. దానినే తిరగేసి రెండవవైపు నుంచి నాట్యాల వరుసలు. రెండూ సాగిసాగి పుస్తకం నడుమ కలుసుకొనేవి. ఈ సంగతి హార్డీయే తన నవల ముందుమాటలో తెలిపాడు. దేవుని పాట, పెళ్ళిపందిరి పాట ఒకే పుస్తకంలో ఇమిడిన జీవితం అది.

1840ల తొలినాళ్ళలోనే ఆ మేళం ఆగిపోయింది. అంటే హార్డీకి ఊహ తెలిసేనాటికి చర్చిలో వారి వాయిద్యం లేదు. అయినా 'అండర్ ద గ్రీన్‌వుడ్ ట్రీ' (1872) నవలలో క్రిస్మస్ రాత్రి ఇంటింటికీ తిరిగి పాడే ఆ వాద్యబృందాన్ని కళ్ళకు కట్టినట్లు చిత్రించాడు. తండ్రి నోట విన్నదానికి, ఇంట్లో మోగిన వయొలిన్ నాదం తోడైంది. నవలలో చర్చి అధికారి ఆర్గన్ వాద్యాన్ని ప్రవేశపెట్టి, మేళగాళ్ళను సాగనంపుతాడు. వారు తిరగబడరు, మర్యాదగా తప్పుకుంటారు. పదిమంది కలిసి చేసే పనిని ఒక్కరు చేసే పనిగా మార్చినప్పుడు ఊరికి కలిగే నష్టం ఏమిటో ఆ నవల నవ్విస్తూనే చెబుతుంది.

4. అప్పుడు తెలియని విలువ

1901లో వెలువడిన సంపుటిలో 'ద సెల్ఫ్ అన్‌సీయింగ్' అనే చిన్న కవిత ఉంది. పాత ఇంటికి తిరిగివచ్చిన కవికి అరిగిన నేల కనిపిస్తుంది. ఒకనాటి గుమ్మం ఉన్న చోటు కనిపిస్తుంది. అక్కడ నిప్పు ముందు తల్లి చిరునవ్వుతో కూర్చొన్నది. తండ్రి వయొలిన్ మీద కమాను ఆడించాడు. బాలుడు కలలో వలె నాట్యం చేశాడు. ఇంటినిండా ఆనందం ఉన్న ఆ క్షణాన దానిని ఎవరూ గుర్తించలేదని కవి వాపోతాడు. హార్డీ తండ్రి 1892లోనే గతించాడు. జ్ఞాపకంలోని వేదన ఇదే: అనుభవించేటప్పుడు విలువ తెలియదు, విలువ తెలిసేసరికి అనుభవించిన ఇల్లు మూగబోతుంది.

5. తీపి వెనుక చేదు

ఇంతమాత్రమే అయితే హార్డీ స్మృతులు మధురమైన నిట్టూర్పులుగా మిగిలిపోయేవి. కాని ఆయన తన పల్లెలోని ఆకలినీ మరచిపోలేదు. తన బాల్యంలో ఎరిగిన గొర్రెల కాపరి కుర్రవాడు ఒకడు తిండిలేక మరణించాడనీ, శవపరీక్షలో కడుపులో పచ్చి టర్నిప్ దుంప ముక్కలు మాత్రమే కనిపించాయనీ చెప్పాడు.

పల్లెలు ఖాళీకావడానికి గల కారణాన్నీ ఆయన వివరించాడు. ఆ ప్రాంతంలో చాలా ఇళ్ళు 'జీవితకాలపు కౌలు' మీద ఉండేవి. ఒప్పందంలో పేర్కొన్న ముగ్గురు వ్యక్తులు, సాధారణంగా ఒకే కుటుంబంవారు, బతికి ఉన్నంతవరకు ఇల్లు వారిది. చివరి వ్యక్తి మరణించగానే ఇల్లు భూస్వామి పరమవుతుంది. హార్డీ ముత్తాత కట్టించిన ఇంటికీ ఇదే పద్ధతి వర్తించింది. వడ్రంగులు, కమ్మరులు, చెప్పులు కుట్టేవారు ఇటువంటి ఇళ్ళలో తరతరాలుగా ఉండి, ఊరి సంప్రదాయాలకు ఆధారమయ్యేవారు. కౌలు ముగిసిన ఇళ్ళను కొందరు భూస్వాములు కూల్చివేయడంతో, తిరిగి కౌలుకు ఇవ్వకపోవడంతో వారు పట్టణాలకు తరలిపోయారు. 'టెస్' (1891) నవలలో తండ్రి మరణంతో కౌలు తీరిపోయి, కథానాయిక కుటుంబం సామాను బండి కెక్కించుకొని వీధిన పడే ఘట్టానికి మూలం ఈ పద్ధతే.

వ్యవసాయ కూలీల స్థితి వేరు. వారు ఏడాది ఒప్పందం మీద పనిచేసి, ప్రతి ఏప్రిల్ 6న మరొక కమతానికి తరలిపోయేవారు. 1883లో 'ద డార్సెట్‌షైర్ లేబరర్' అనే వ్యాసంలో హార్డీ ఈ వలసలోని లాభనష్టాలను తూచి చూశాడు. కూలీలకు లోకజ్ఞానం, స్వతంత్రభావం పెరిగాయి. పుట్టిన చోటుతో బంధం తెగిపోయింది. చూసేవారి ముచ్చట తీర్చడానికి పల్లెవాసులు పాతకాలంలోనే నిలిచిపోవాలని కోరడం అన్యాయమని కూడా ఆయన స్పష్టంగా రాశాడు. పల్లెను అంతగా ప్రేమించిన రచయిత ఈ మాట అనడం గమనార్హం.

1902లో రైడర్ హాగర్డ్ అనే రచయితకు రాసిన లేఖలో తాను చూసిన నష్టాన్ని మరింత సూటిగా చెప్పాడు. పూర్వం ఊరిలో ఏ చేనుకు ఏ పేరో, ఎవరి సమాధి ఎక్కడ ఉన్నదో, ఏ మూలిక దేనికి మందో అడిగితే చెప్పేవారుండేవారు. ఒకేచోట వరుసగా తరాలు నివసించకపోవడంతో ఆ అలిఖిత విజ్ఞానమంతా విస్మృతిలో మునిగిపోతున్నదని ఆయన ఆవేదన. గోడలు కూలితే తిరిగి కట్టవచ్చు. చెప్పేవారూ వినేవారూ వేరుపడితే ఊరి జ్ఞాపకాన్ని తిరిగి కట్టలేము.

6. చివరి మజిలీ

1885లో హార్డీ డార్చెస్టర్ శివార్లలో 'మాక్స్ గేట్' అనే ఇల్లు కట్టుకొని, జీవితాంతం అక్కడే నివసించాడు. పుట్టిన పల్లె నడిచివెళ్ళగల దూరంలోనే ఉండేది. 1904లో తల్లి మరణించింది. కొన్నేళ్ళకు తోబుట్టువులు కూడా ఆ ఇల్లు విడిచి వెళ్ళారు. 1926లో, ఎనభై ఆరేళ్ళ వయసులో ఆయన చివరిసారిగా ఆ ఇంటిని చూశాడు.

1928 జనవరి 11న హార్డీ మరణించాడు. స్టిన్స్‌ఫర్డ్‌లో తనవారి సమాధుల చెంత ఖననం కావాలని ఆయన కోరిక. జాతి ఆయనను లండన్‌లోని వెస్ట్‌మినిస్టర్ ఆబీలో నిలుపుకోవాలనుకొన్నది. చివరకు చితాభస్మం ఆబీకి, హృదయం స్టిన్స్‌ఫర్డ్‌కు చేరాయి. 1948లో ఆ పూరిల్లు నేషనల్ ట్రస్ట్ అధీనంలోకి వచ్చి, నేటికీ సందర్శకులకు దర్శనమిస్తున్నది.

ఇల్లు ఈ విధంగా దక్కింది. ఆ ఇంట్లో నెగడు ముందు పలికిన మాటలు దక్కడానికి మాత్రం, శ్రద్ధగా విన్న ఒక మనుమడు కారణం.

కఠిన పదాలు – అర్థాలు

స్మృతి = జ్ఞాపకం
నెగడు = చలి కాచుకొనే మంట
నిశ్చేష్టురాలు = కదలిక లేనిది
చిత్రకం = బట్టమీది బొమ్మ, అలంకారం
తంత్రీవాద్యం = తీగలు గల వాద్యం
కమాను = వయొలిన్ వాయించే పుల్ల
కమతం = ఒకరి సాగులోని వ్యవసాయ భూమి
అలిఖితం = రాయబడనిది
విస్మృతి = మరపు
మజిలీ = ప్రయాణంలో ఆగే చోటు

ప్రశ్నలు

I. వ్యాసరూప సమాధాన ప్రశ్నలు
1. హార్డీ రచనలలో ఊరి జ్ఞాపకాలు తరతరాల ఉమ్మడి ఆస్తిగా ఎలా కనిపిస్తాయో వివరించండి.
2. పల్లెపై ప్రేమ ఉన్నా, పల్లెలోని కష్టాలను హార్డీ మరువలేదని సోదాహరణంగా నిరూపించండి.

II. సంగ్రహ సమాధాన ప్రశ్నలు
1. స్టిన్స్‌ఫర్డ్ వాద్యబృందం జీవనవిధానాన్ని తెలపండి.
2. 'జీవితకాలపు కౌలు' పద్ధతి అంటే ఏమిటి? అది పల్లెలపై చూపిన ప్రభావం ఎటువంటిది?
3. 'ద సెల్ఫ్ అన్‌సీయింగ్' కవితలోని వేదన ఏమిటి?

III. ఏకవాక్య సమాధాన ప్రశ్నలు
1. హార్డీ జన్మించిన పల్లె పేరేమిటి?
2. డార్చెస్టర్‌కు రైలు ఎప్పుడు వచ్చింది?
3. లభించిన హార్డీ కవితలలో మొదటిది ఏది?
4. హార్డీ హృదయాన్ని ఎక్కడ ఖననం చేశారు?

IV. అభ్యాసం
మీ ఊరిలోని చేలకు, చెరువులకు, కుంటలకు, దారులకు ఉన్న పేర్లను, అవి ఏర్పడిన కారణాలను మీ నాయనమ్మనో, అమ్మమ్మనో, ఊరి పెద్దలనో అడిగి తెలుసుకొని ఒక పుటకు మించకుండా రాయండి. చెప్పినవారి పేరు, వయసు కూడా పేర్కొనండి.