మహాగండిలో ఒక దినము

అమెరికా సంయుక్త రాష్ట్రముల పశ్చిమ భాగమున కొలరాడో యను మహానది కలదు. అది రాకీ పర్వతములలో పుట్టి, యెడారి భూములగుండ నైరృతి దిశగా సుమారు 2,330 కిలోమీటర్లు సాగును. వానలు మిక్కిలి తక్కువగా కురియు ఆ ప్రాంతమున ఈ నది లక్షలాది సంవత్సరములు రాతిని కోసికోసి అగాధమైన లోయ నొకదానిని ఏర్పరచినది. కొండను చీల్చుకొని నది పారు చోటును తెలుగువారు గండి యందురు. కడప సీమలో పెన్నానది యట్టి గండినే చీల్చినది. దాని యొడ్డున వెలసినదే గండికోట. కొలరాడో కోసిన గండి పొడవు 446 కిలోమీటర్లు. లోతు కొన్నిచోట్ల 1,800 మీటర్లు. దానిని ఆంగ్లమున గ్రాండ్ కాన్యన్ అందురు. మహాగండి యని దాని యర్థము. ఆ లోయ యడుగున కానవచ్చు నల్లని శిలల వయస్సు సుమారు 170 కోట్ల సంవత్సరములు. భూగర్భ శాస్త్రజ్ఞులు వానికి విష్ణుశిల యని పేరిడిరి.

ఈ గండిలో తెప్పలపై యాత్ర చేయుటకు ఏటేట వేలకొలది జనులు వత్తురు. కొందరు ఒక వారము, కొందరు రెండు వారములు నదిపైననే గడుపుదురు. తెప్పను నడుపువాడును, ప్రయాణికుల ప్రాణములకు పూచీ వహించువాడును సరంగే. యాత్రలోని దినములలో సరంగులు మిక్కిలి జాగరూకతతో ఎదురుచూచు దినము ఒకటి కలదు. అది లావా ఫాల్స్ అను ప్రవాహమును దాటు దినము.

ఆ దినము తెల్లవారకముందే ఇసుకతిన్నెపై సందడి మొదలగును. కాఫీ త్రాగి, ఫలహారము ముగించి, యాత్రికులు గుడారములను మడతపెట్టుదురు. తిన్నెపై కాగితపు ముక్కయైనను విడువరాదు; బూడిదను సైతము మూటగట్టి తీసికొనిపోవలయును. పిమ్మట పెట్టెలను, సంచులను తెప్పలోనికెక్కించి త్రాళ్లతో బిగింతురు. తెప్ప తలక్రిందులైనను ఒక్క వస్తువును జారిపోరాదను తలంపుతో సరంగు ప్రతి ముడిని తన చేతితో లాగి చూచును. తరువాత ప్రయాణికులు తొడిగిన లైఫ్ జాకెట్ల పట్టీలను ఒక్కొక్కటిగా పరీక్షించును.

“నీటిలో పడినచో భయపడకుడు. వెల్లకిల తేలి, పాదములను దిగువ వైపునకు చాచుడు. బండ యెదురైనను పాదములకే తగులును, తలకు తగులదు. తెప్ప ఒక ప్రక్కకు లేచినచో అందరును లేచిన ప్రక్కకే దూకి మీ బరువును దానిపై వేయుడు” అని అతడు చెప్పును. ఈ మాటలను వారు మొదటి దినముననే వినియుందురు. అయినను అతడు మరల చెప్పును. వారును మరల విందురు.

వేసవిలో గండి యడుగున ఎండ నలువది డిగ్రీలను దాటును. నీరు మాత్రము చలిపుట్టించును. కొలరాడో యనగా స్పానిష్ భాషలో ఎర్రనిది. పూర్వము ఈ నది ఒండ్రుతో ఎర్రబారి ప్రవహించెడిది. 1963లో ఎగువనున్న గ్లెన్ కాన్యన్ ఆనకట్ట నీటిని నిలుప నారంభించినది మొదలు, ఒండ్రు జలాశయముననే దిగబడుచున్నది. లోతునుండి విడువబడు నీరు తేటగా, చల్లగా వచ్చును. అట్టి నీటిలో మనుష్యుడు పెద్దసేపు ఉండజాలడు. చేతులు కాళ్లు మొద్దుబారును. కావున పడినవానిని వెంటనే పైకి లాగుట సరంగుల మొదటి ధర్మము.

తెప్పలు సాగుచుండగా సరంగు నీటిని చదువుచుండును. ప్రక్కనున్న చిన్న లోయలలో అకస్మాత్తుగా వాన కురిసినప్పుడు బురదతో కూడిన వరద పెనుబండలను దొర్లించుకొనివచ్చి నదిలో పడవైచును. నది అచట ఇరుకై, బండలపై విరిగి, నురుగులు గ్రక్కుచు ఉరుకును. 1966 డిసెంబరులో వచ్చిన యొక్క వరదతో క్రిస్టల్ అనుచోట సాధారణ ప్రవాహము భయంకరమైన దానిగా మారిపోయెను. నీటిపై నునుపైన పాయ దిగువకు మొనదేలి కనబడినచో అది త్రోవ. మొన ఎగువకు తిరిగియున్నచో దానిక్రింద బండ దాగియున్నదని గుర్తు. పూర్వము పడవవారు దిగువకు వీపుపెట్టి బలముకొలది తెడ్లు వేసెడివారు. 1890 ప్రాంతములలో నథానియేల్ గాలొవే అను వేటగాడు దిగువకు మొగముపెట్టి, ప్రవాహమునకు ఎదురుగా తెడ్డువేసి వేగము తగ్గించు పద్ధతిని ప్రచారమునకు తెచ్చెను. నేటి సరంగులు అనుసరించునది ఆ పద్ధతియే.

మధ్యాహ్నమునకు నది నడుమ నల్లని లావాశిల యొకటి స్తంభమువలె కానవచ్చును. లావా ఫాల్స్ చేరువైనదని దాని సూచన. కొంతసేపటికి ఘోష వినవచ్చును. కాని యేమియు కనబడదు. నది అచట తెగిపోయినట్లుండును. సరంగు తెప్పను గట్టునకు కట్టివైచి, కాలిన పెనమువలె నున్న నల్లరాళ్లపై ఎక్కి క్రిందకు చూచును. నది నడుమ బండపైనుండి నీరు కూలి లోతైన గుంటగా తిరుగుచుండును. దానిలో పడిన తెప్ప తిరుగబడుట దాదాపు తప్పదు. నీటిమట్టమునుబట్టి కుడివైపుననో ఎడమవైపుననో సన్నని త్రోవ యుండును. ఆ త్రోవ మొదలును, తుదను కన్ను మూసినను కనబడునంతవరకు సరంగు చూచుచునే యుండును. ఎంత అనుభవశాలియైనను చూడక దిగడు.

1869 ఆగస్టు 25వ తేదీన జాన్ వెస్లీ పావెల్ ఈ చోటికే వచ్చెను. అంతర్యుద్ధమున కుడిచేయి కోల్పోయిన ఆ విద్వాంసుడు, తొమ్మండుగురు తోడివారితో, నాలుగు కొయ్యపడవలలో మే 24న ఎగువనున్న గ్రీన్ నదిపై బయలుదేరెను. వారికి పటము లేదు. ముందున్నదేమో చెప్పగల సరంగును లేడు. జూన్ 9న ఒక పడవ బండలకు తాకి ముక్కలయ్యెను. తోడివారిలో ఒకడు మధ్యలోనే మరలిపోయెను. లావా ఫాల్స్‌ను చూచి వారు పడవలను నీటిపై విడువక, గట్టువెంట శ్రమపడి దిగువకు చేర్చిరి.

నాడు వారు జంకినచోట నేటివారు దిగుచున్నారన్నచో నేటివారు అధికశూరులని కాదు. కొయ్య పగులును, గాలినింపిన రబ్బరు తెప్ప వంగి లేచును. అన్నిటికంటె మిన్నగా, ముందువారు ప్రాణములొడ్డి నేర్చినది వెనుకటివారికి విద్యగా దక్కినది.

సరంగు దిగివచ్చి తెప్పను విప్పును. మాటలు ఆగిపోవును. నునుపైన పాయపై తెప్ప మెల్లగా జారి, అంతలో అలల నడుమ పడును. నీటిగోడ విరుచుకొని పడి ఎవరికి ఎవరును కనబడరు. తెప్ప ఒరుగును, అందరును లేచిన ప్రక్కకు దూకుదురు. ఒక్కొకప్పుడు ఒకరిద్దరు నీటబడుటయు కలదు. వారు పాదములు చాచి తేలుచుండగా, ముందు దిగి కాచుకొనియున్న తెప్పవారు త్రాడు విసరి లాగుకొందురు. ఇదంతయు అరనిమిషములో ముగియును.

ఆ రాత్రి నక్షత్రముల క్రింద సరంగు పావెల్ కథలోని శేషమును చెప్పును. లావా ఫాల్స్ దాటిన రెండు దినములకు వారికి మరియొక ఘోరప్రవాహము ఎదురయ్యెను. ఆహారము దాదాపు అడుగంటినది. ఆగస్టు 28న హోలండ్ సోదరులు ఇద్దరును, విలియమ్ డన్ అనువాడును నదిని విడిచి, గండిగోడ నెక్కి పోవ నిశ్చయించిరి. మూడు నెలలు ఆ నదిని ఎదుర్కొన్నవారిని పిరికివారనరాదు. మనసు మార్చుకొనినచో వచ్చుటకు వీలుగా పావెల్ వారికై ఒక పడవను విడిచెను. మిగిలిన ఆరుగురు ఆ ప్రవాహమును క్షేమముగా దాటి, మరునాడే మహాగండినుండి వెలువడిరి. ఎక్కిపోయిన మువ్వురు ఎన్నడును తిరిగి రాలేదు.

గండి ఒక్క దినము దూరములోనే ముగియునని ఆ మువ్వురికి చెప్పగలవాడు ఆనాడు లోకమున లేడు. చెప్పగలవారు నేడు కలరు. ఆ సంగతి నెరిగినవాడగుటచేతనే మరునాటి యుదయమున సరంగు ప్రతి ముడిని మరల లాగి చూచును.