ధైర్యం చెప్పకండి, విషయం చెప్పండి

అమీర్‌పేట చౌరస్తా నుంచి పంజాగుట్ట నిమ్స్ దాకా దారి పొడవునా స్కానింగ్ సెంటర్లు, ల్యాబులు, నర్సింగ్‌హోములు. గ్యాస్ నొప్పి అనుకుని అల్ట్రాసౌండ్ తీయించుకున్న మనిషి, గాల్ బ్లాడర్‌లో రాళ్లున్నాయన్న రిపోర్టు పట్టుకుని బయటికి రావడం ఇక్కడ రోజూ జరిగేదే. ఆపరేషన్ తేదీ ఖాయమయ్యాక మొదలయ్యే గుబులుకు మన ఇళ్లలో ఒకటే మందు: ‘‘ఏం కాదులే, చిన్న ఆపరేషనే, ధైర్యంగా ఉండు.’’ ప్రేమతో అనే మాటే, కాదనను. కానీ దానివల్ల భయం తగ్గదు. భయపడే మనిషి నోరు మాత్రం మూతపడుతుంది. ఆపరేషన్ ముందు మనసు కుదుటపడాలంటే తన ఒంటికి ఏం జరగబోతోందో, ఎప్పుడు, ఎందుకు జరుగుతుందో ముక్కముక్కగా తెలియాలి. బోస్టన్‌లోని మసాచుసెట్స్ జనరల్ హాస్పిటల్‌లో ఎగ్‌బర్ట్ అనే మత్తు డాక్టర్, ఆయన సహచరులు 1964లో ప్రచురించిన పరిశోధన దీనికి గట్టి ఆధారం. కడుపు ఆపరేషన్‌కు వచ్చిన 97 మందిని రెండు జట్లు చేశారు. ఒక జట్టుకు మామూలు వైద్యమే. రెండో జట్టుకు మాత్రం నొప్పి ఎక్కడ వస్తుంది, ఎంతకాలం ఉంటుంది, మంచం మీద పక్కకు ఎలా తిరగాలి అన్నవి ముందురోజే విడమరచి చెప్పారు. ఎవరు ఏ జట్టో సర్జన్లకు తెలియదు. చివరికి చూస్తే, విషయం తెలిసినవాళ్లకు నొప్పి మందు దాదాపు సగమే సరిపోయింది. సగటున రెండున్నర రోజులకు పైగా ముందే ఇంటికి వెళ్లారు.

మన దగ్గర రోజూ జరిగే గాల్ బ్లాడర్ లాప్రోస్కోపీనే తీసుకోండి. బొడ్డు దగ్గర ఒక గాటు, దానికి పైన రెండో మూడో చిన్న గాట్లు పెడతారు. లోపల పనిచేయడానికి చోటు కావాలి కాబట్టి కార్బన్ డయాక్సైడ్‌తో కడుపు ఉబ్బిస్తారు. ఆ గ్యాస్ ఊపిరితిత్తుల కింది పొరను ఒరుసుకున్నందుకు ఆపరేషన్ తర్వాత నొప్పి భుజంలో తెలుస్తుంది. ముందే విన్నవాళ్లు ‘ఓహో, ఇదేనా’ అనుకుని సర్దుకుంటారు. విననివాళ్లకు అర్ధరాత్రి అది గుండెపోటులా తోస్తుంది. (ఛాతీ నొక్కేసినట్టున్నా, ఆయాసం వచ్చినా మాత్రం నర్సును పిలవాల్సిందే.) ఆడవాళ్ల విషయంలో ఇంకో సంగతి ఉంది. థియేటర్‌కు తీసుకెళ్లేముందు గాజులు, మెట్టెలు, మంగళసూత్రం తీసేయమంటారు. కారణం చెప్పకుండా, ట్రాలీ పక్కన నిలబడి తొందరపెడితే అంతవరకూ నిబ్బరంగా ఉన్న మనిషి కూడా అపశకునమని బెదిరిపోతుంది. రక్తం ఆపడానికి కరెంటుతో పనిచేసే పరికరం వాడతారనీ, ఒంటిమీద లోహం ఉంటే చర్మం కాలొచ్చనీ ముందురోజే చెబితే, పసుపుతాడుకు పసుపుకొమ్ము కట్టుకుని తనంతట తానే తయారై వస్తుంది. గోళ్లరంగు తుడవమనడమూ అంతే: ఆ వేలికి పెట్టే క్లిప్పే రక్తంలో ఆక్సిజన్ ఎంతుందో చూపిస్తుంది.

అన్నిటికంటే లోతైన భయం, మత్తిస్తే మళ్లీ లేస్తానా అన్నది. దీన్ని పిరికితనం అనేవాళ్లు ఇదే ఊరి చరిత్ర చదవాలి. క్లోరోఫామ్ ఇచ్చినప్పుడు కొందరు ఎందుకు చనిపోతున్నారో తేల్చడానికి ఆరో నిజాం మహబూబ్ అలీ ఖాన్ ఖర్చుతో 1888లో ఒకసారి, 1889లో మరోసారి హైదరాబాద్‌లో కమిషన్లు కూర్చున్నాయి. నడిపించింది రెసిడెన్సీ సర్జన్ ఎడ్వర్డ్ లారీ. రెండోసారి లాన్సెట్ పత్రిక తరఫున లాడర్ బ్రంటన్ ఇంగ్లండ్ నుంచి వచ్చారు. వందల జంతువుల మీద ప్రయోగాలు చేసి, శ్వాస కనిపెట్టుకుంటే చాలు, గుండెకు భయం లేదని తేల్చారు. ఆ భరోసా తప్పని, క్లోరోఫామ్ నేరుగా గుండెను కూడా ఆపగలదని 1911లో గుడ్‌మన్ లెవీ చూపించాడు. ‘ఏం కాదులే’ అన్న మాట పండితులు అన్నా నిలవలేదన్నమాట. ఆ మాటతో తృప్తిపడకుండా అనుమానించినవాళ్ల వల్లే ఈరోజు గుండె, శ్వాస, ఆక్సిజన్ అన్నీ క్షణక్షణం మానిటర్ మీద కనబడుతున్నాయి. ధనిక దేశాల లెక్కల్లో, వేరే జబ్బులేవీ లేని మనిషి కేవలం మత్తు వల్ల చనిపోయే అవకాశం లక్షకు ఒకటి స్థాయికి దిగింది.

అన్నీ తెలిస్తే భయం పెరగదా అని అడగొచ్చు. పెరుగుతుంది, ఎక్కడ తెలుసుకున్నామన్నదాన్ని బట్టి. పైత్యరసం పోయే గొట్టానికి గాయమవడం వెయ్యిమందిలో ముగ్గురి నుంచి అయిదుగురికి జరిగే సంగతి. రాత్రి రెండింటికి ఫోన్లో చదివితే ఆ అయిదుగురిలో తానే ఉన్నట్టనిపిస్తుంది. అదే సర్జన్ని ‘నా స్కాన్‌లో వాపు ఉందా? కష్టమనిపిస్తే కడుపు తెరుస్తారా?’ అని అడిగితే వచ్చే జవాబు తన ఒంటి గురించే ఉంటుంది. మధ్యలో కడుపు తెరవాల్సి రావడం ఓటమి కాదనీ, ఆ గొట్టాన్ని కాపాడటానికి తీసుకునే జాగ్రత్త అనీ అప్పుడు అర్థమవుతుంది. అయితే అందరికీ ఒకే మోతాదు పనికిరాదు. ఎక్కువ తెలిస్తే కుదుటపడేవాళ్లు, తెలిసేకొద్దీ కలవరపడేవాళ్లు అని రెండు రకాల మనుషులుంటారని అమెరికన్ మనస్తత్వవేత్త సుజాన్ మిల్లర్ 1980లలోనే చూపించింది. రెండో రకం వాళ్లకు తాము చేయాల్సిన పనులు మాత్రం చెప్పి, మిగతాది ఇంట్లో ఒక్కరు విని పెట్టుకుంటే సరిపోతుంది.

ఓపీలో అంత రద్దీ, డాక్టర్‌కు తీరికెక్కడిది అన్న అభ్యంతరం కాదనలేనిది. అందుకే మత్తుకు ముందు చేసే పరీక్షను, అంటే ఆస్పత్రుల్లో అందరూ పీఏసీ అనేదాన్ని, సంతకాల తతంగంగా చూడకూడదు. మత్తు డాక్టర్ నోరు తెరవమంటారు, మెడ వెనక్కి వంచమంటారు, కదిలే పన్ను ఉందా, గురక వస్తుందా, ఏ మాత్రలు వాడుతున్నారు అని అడుగుతారు. మన ప్రశ్నలు కాగితం మీద రాసుకెళ్తే, అడగడానికి అంతకన్నా మంచి సమయం దొరకదు. బల్కంపేట ఎల్లమ్మకు మొక్కుకున్నా దీనికేం అడ్డు కాదు. ఆపరేషన్ రోజు పొద్దున బీపీ మాత్ర గుక్కెడు నీళ్లతో వేసుకోవాలా, షుగర్ మాత్ర మానాలా అన్నది మాత్రం మత్తు డాక్టర్నే అడగాలి. మామూలుగా అన్నం, టిఫిన్ లాంటివి ఆరు గంటల ముందు, మంచినీళ్లు రెండు గంటల ముందు ఆపితే చాలంటారు. అయినా ఆ ఆస్పత్రి ఏం చెబితే అదే పాటించాలి. ముందుజాగ్రత్త పేరుతో ముందురోజు మధ్యాహ్నం నుంచే పస్తుండి, నీరసంతో మరింత కంగారుపడేవాళ్లూ ఉన్నారు.

ఇక సర్జన్ని మొట్టమొదట అడగాల్సిన ప్రశ్న వేరే ఉంది: ‘నాకీ ఆపరేషన్ ఇప్పుడు అవసరమా?’ ఎన్నడూ నొప్పి పెట్టని రాళ్లు ఏడాదికి నూటికి ఒకరిద్దరిలోనే బాధ మొదలుపెడతాయి కాబట్టి అలాంటి చాలామందికి సర్జన్లు ఆగి చూద్దామనే అంటారు. పదేపదే నొప్పి వచ్చినవాళ్ల సంగతి వేరు. రాయి జారి నాళానికి అడ్డుపడితే కామెర్లు, పాంక్రియాస్ వాపు దాకా పోవచ్చు. ఆ సంగతి సర్జన్ నోట, తన స్కాన్ చూపిస్తూ విన్న మనిషి ‘మూఢం వెళ్లాక చూద్దాంలే’ అని తేదీ జరిపే ముందు ఒకటికి రెండుసార్లు ఆలోచిస్తాడు.