కల్లు కుండలో రసాయన శాస్త్రం

ఈస్టును బట్టి మాల్టు విస్కీ రుచి మారుతుందంటే నమ్మబుద్ధి కాదు. అది తెలుసుకోడానికి స్కాట్లండు దాకా పోనక్కర్లేదు. మన మైపాడు తీరపు తాటిచెట్టు చాలు.

కుండలో సున్నం పూస్తే తాటినీరు పులవదు, తియ్యటి నీరాగా ఉంటుంది. పూయకపోతే, నిన్నటి కల్లు తడిలో మిగిలిన ఈస్టు తెల్లారేసరికి నురగలు కక్కిస్తుంది. పొద్దెక్కేకొద్దీ బాక్టీరియా పులుపెక్కిస్తుంది.

గేలుసాక్ సమీకరణం ప్రకారం 180 గ్రాముల గ్లూకోజు 92 గ్రాముల ఆల్కహాలు, 88 గ్రాముల కార్బన్ డయాక్సైడు అవుతుంది. ఇందులో రుచి ఎక్కడుంది? లెక్కకందని కొద్దిపాటి ఎస్టర్లలో! ఈస్టు ల్యూసిన్‌ను ఐసోఎమైల్ ఆల్కహాలుగా, దాన్ని ఐసోఎమైల్ ఎసిటేటుగా మారిస్తే అరటిపండు వాసన. ఇథైల్ హెక్సనోయేటు తయారైతే ఆపిల్ వాసన. ఏది ఎంత తయారౌతుందన్నది ఈస్టు రకాన్నిబట్టి, వేడినిబట్టి, పులిసే కాలాన్నిబట్టి ఉంటుంది. విస్కీ బట్టీలో ఈ వాసనలే ఆవిరితోపాటు పైకొస్తాయి.

మొలగొలుకులు పండాలంటే మొలగొలుకుల విత్తనమే చల్లాలి గదా! 1883లో కార్ల్స్‌బర్గ్ ప్రయోగశాలలో హాన్సెన్ ఒకే కణం నుంచి శుద్ధమైన ఈస్టును పెంచి, ఈ విత్తనాల ఎంపికకు దారి చూపాడు. మన కల్లు కుండలో మాత్రం ఇంకా కలగాపులగపు విత్తనమే.

1992లో సారాపై తిరగబడిన దూబగుంట స్త్రీల జిల్లా మనది. తాగుడును పొగడ్డానికి ఇది రాయలేదు. రొట్టెను పొంగించేదీ, సంసారాన్ని కూల్చే సారాను పులియబెట్టేదీ ఈస్టే. దాని గుణం తెలిస్తే నీరాను పులవకుండా నిలిపి, గీత కార్మికుడికి నాలుగు రూపాయలు మిగల్చొచ్చు. ఒక కుండ తడిని అగార్ పళ్లెంపై గీసి చూడడం మన లాబులో చేయగలిగిన పనే. మొదలుపెడదామా?